ట్యాలీ రిపోర్టును ఎక్సెల్‌లోకి తప్పు లేకుండా తెచ్చుకోవడం: కర్నూలు గుమాస్తాలకు, వ్యాపారులకు అంచెలవారీ మార్గదర్శి

నెలాఖరు దగ్గరపడితే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి ఒకే తరహా ప్రశ్నలు వస్తుంటాయి. ట్యాలీలో అమ్మకాల మొత్తం ఒకటుంటే ఎక్సెల్‌లో కూడినప్పుడు ఇంకొకటి వస్తోందని ఒకరంటారు. ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిందని మరొకరు. ఉల్లిగడ్డల హెచ్‌ఎస్‌ఎన్ కోడు (సరుకును గుర్తించే పన్ను సంఖ్య) 0703కు ముందున్న సున్నా మాయమైందని ఇంకొకరు.

ఇవన్నీ ఒకే చోట పుట్టే సమస్యలు. రిపోర్టు ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు చేతులు మారేటప్పుడు, ఏ గడిలో ఉన్నది తేదీ, ఏది అంకె, ఏది కోడు అన్న విషయాన్ని మనం చెప్పకపోతే ఎక్సెల్ తనకు తోచినట్టు ఊహించుకుంటుంది. దాని ఊహకు వదలకుండా మనమే ముందుగా చెప్పాలి. కింద ఇచ్చిన వరుసలోనే చేయండి. ముఖ్యంగా రెండో అంచెను దాటవేయవద్దు.

ఉదాహరణలకు ట్యాలీప్రైమ్‌ను, మైక్రోసాఫ్ట్ ఆఫీసును తీసుకున్నాను. వేరే బిల్లింగ్ ప్యాకేజీ వాడేవారికి మెనూల పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

1. మొదలుపెట్టే ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి

ఎక్సెల్ తెరిచి ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ అనే వరుసలో వెళ్లండి. అక్కడ వెర్షనుతో పాటు అది 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది కనిపిస్తుంది. రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. తొమ్మిదో అంచెలో ఈ బిట్ సంగతి తప్పనిసరిగా అవసరమవుతుంది.

వెర్షను ఎందుకు ముఖ్యమో చూడండి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో ఒక షీటుకు 65,536 వరుసలు, 256 నిలువు వరుసలే పడతాయి. ఎక్సెల్ 2007తో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరుసలు, 16,384 నిలువు వరుసలు పడతాయి. సీజనులో రోజుకు వందల చీటీలు రాసే మండీకి ఏడాది చిట్టా పాత ఫైలులో పట్టకపోవచ్చు. మిగిలినది తెగిపోయినా పైనుంచి చూస్తే షీటు నిండుగానే కనిపిస్తుంది.

ఫైళ్లను లోపలికి తీసుకుని సరిచేసే పవర్ క్వెరీ ఎక్సెల్ 2016 నుంచి డేటా మెనూలోనే ఉంటుంది. 2010, 2013 వెర్షన్లకు దాన్ని విడిగా ఎక్కించుకోవాలి. ఒక పట్టికలో వెతికి విలువ తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములా 2021లోనూ, 365లోనూ ఉంటుంది కానీ 2016, 2019లలో ఉండదు. మీ ఆఫీసులో ఒకరిది కొత్తది, ఒకరిది పాతది అయితే అదే పని చేసే పాత ఫార్ములా వీలుకప్‌తోనే సరిపెట్టుకోండి. లేకపోతే మీ దగ్గర చక్కగా కనిపించే షీటును వాళ్లు తిరిగి లెక్కించగానే గడుల నిండా పొరపాటు గుర్తులు వస్తాయి.

ఆఫీసు 2016, 2019 వెర్షన్లకు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అవి పనిచేయడం ఆగిపోదు. అయితే లెక్కలన్నీ ఉండే కంప్యూటరు కాబట్టి మార్చుకునే ఆలోచన పెట్టుకోవడం మంచిది.

సిద్ధం చేసుకోవలసినవి:
- ఎక్సెల్ వెర్షను, బిట్ వివరం
- ట్యాలీ డేటాకు ఆ రోజు తీసిన బ్యాకప్
- రిపోర్టుల కోసం ఒక ఫోల్డరు, అందులో "ముడి", "పని", "పంపినవి" అని మూడు ఫోల్డర్లు
- రిపోర్టు ఎవరికోసం, వాళ్లకు ఏయే నిలువు వరుసలు కావాలి అన్న చిన్న జాబితా

చివరిది చాలామంది చేయరు. ఆడిటరుకు కావలసిన రూపం వేరు, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ కోసం ఇచ్చే బాకీల పట్టిక వేరు. ఏం కావాలో తెలియకుండా ఎగుమతి చేస్తే, తర్వాత గంటల తరబడి నిలువు వరుసలు కత్తిరించడమే పని అవుతుంది.

2. విండోస్ రీజియన్ సరిచేయండి

కొత్త కంప్యూటరు చాలాసార్లు అమెరికా సెట్టింగుతోనే చేతికొస్తుంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. మన తేదీలు తారుమారు కావడానికి మూలం ఇదే.

కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరవండి. ఫార్మాట్ దగ్గర ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోండి. షార్ట్ డేట్‌లో రోజు, నెల, సంవత్సరం వరుస ఉందో లేదో చూడండి. అడిషనల్ సెట్టింగ్స్‌లో అంకెల విభజన 12,34,56,789 రూపంలో ఉండాలి. ఆ తర్వాత ఎక్సెల్‌ను మూసి మళ్లీ తెరవండి.

దీనితో లక్షలు, కోట్ల కామాలు కూడా దారికి వస్తాయి. 1,250,000 బదులు 12,50,000 కనిపిస్తుంది. అయితే ఈ కామాలు ఫైలులో ఉండవు, చూసే కంప్యూటరు సెట్టింగును బట్టి కనిపిస్తాయి. మీ ఫైలు ఇంకొకరి దగ్గర మిలియన్ల కామాలతో కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, లెక్క మారలేదు.

3. ఎగుమతికి ముందు రిపోర్టును తెరమీదే సిద్ధం చేయండి

ట్యాలీలో కావలసిన రిపోర్టు తెరవండి. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి కాలవ్యవధి ఇవ్వండి. ట్యాలీ సాధారణంగా తెరమీద కనిపించే వివరాన్నే ఎగుమతి చేస్తుంది. నెలవారీ మొత్తాల దగ్గర నిలబడి ఎగుమతి చేసి, బిల్లులు రాలేదని అనుకోకూడదు. వోచర్ల (ఒక్కో బిల్లు నమోదు) స్థాయికి దిగండి, అవసరమైతే ఆల్ట్, ఎఫ్5తో వివరం పెంచండి.

అమ్మకాల రిజిస్టరుకు కాలమ్నర్ రూపం ఎంచుకోవడం మేలు. అందులో ఒక్కో బిల్లు ఒక్కో వరుసగా, పన్నులు వేర్వేరు నిలువు వరుసలుగా వస్తాయి. మామూలు వివరణాత్మక రూపంలో బిల్లు కింద సరుకులు, సరుకుల కింద హమాలీ, కమీషన్ అంటూ మెట్లుమెట్లుగా వస్తాయి. కాగితం మీద చదవడానికి అది బాగుంటుంది, ఎక్సెల్‌లో కూడికకు పనికిరాదు.

ఎగుమతి నొక్కే ముందు తెరమీద ఉన్న మూడు సంఖ్యలు రాసుకోండి: బిల్లుల సంఖ్య, పన్నుకు ముందు విలువ, మొత్తం విలువ. ఏడో అంచెలో వీటితోనే పని.

4. ఏ ఫైలు రూపంలో తీయాలి

ఆల్ట్, ఈ నొక్కి ఎక్స్‌పోర్ట్‌లో కరెంట్ ఎంచుకోండి. కాన్ఫిగర్‌లో ఫైల్ ఫార్మాట్, ఫోల్డరు దారి మార్చుకోవచ్చు. ఎక్సెల్ రూపం అందుబాటులో ఉన్నంతవరకు అదే తీసుకోండి. అందులో తేదీ ఒక సంఖ్యగా నిలుస్తుంది. 2025 ఏప్రిల్ 1 అంటే ఎక్సెల్ లోపల 45748, దాన్ని ఎలా చూపాలన్నది తర్వాతి మాట. విలువలను కామాలతో విడదీసి రాసే సాదా ఫైలు సీఎస్‌వీలో అయితే తేదీ కేవలం అక్షరాల వరుస. చదివే ప్రోగ్రాం దాన్ని ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు.

ఫైలు పేరులో కాలవ్యవధి ఉండేలా చూడండి: "అమ్మకాలు 2025-04" లాగా. సంవత్సరం ముందు, నెల తర్వాత పెడితే ఫోల్డరులో అవే వరుసగా నిలుస్తాయి. దీన్ని "ముడి" ఫోల్డరులో పెట్టండి. ఆ ఫోల్డరులోని ఏ ఫైలునూ చేత్తో దిద్దవద్దు. ఒక్క గడి కూడా. తప్పు కనిపిస్తే ట్యాలీలోనే సవరించి మళ్లీ ఎగుమతి చేయండి. ఎక్సెల్‌లో దిద్దిన అంకె ట్యాలీకి ఎప్పటికీ తెలియదు, ఆరు నెలల తర్వాత రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో ఎవరికీ తెలియదు.

కొన్ని బిల్లింగ్ ప్యాకేజీల ఫైలు తెరవగానే, ఫైలు రూపానికీ దాని పేరు చివరి అక్షరాలకూ పొంతన లేదని ఎక్సెల్ హెచ్చరిస్తుంది. ఆ ప్యాకేజీ లోపల వెబ్‌పేజీ రాసి, బయట ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరు పెట్టిందన్నమాట. మీ సొంత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినదైతే తెరిచి, సేవ్ యాజ్‌తో ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా దాచుకోండి. ఎవరో తెలియనివారు మెయిల్‌లో పంపినదైతే తెరవవద్దు. క్రిస్టల్ రిపోర్ట్స్ ఆధారంగా పనిచేసే ప్యాకేజీలలో ఎక్సెల్ డేటా ఓన్లీ అనే ఎంపిక ఉంటే దాన్నే వాడండి, కలిపేసిన గడుల బెడద చాలావరకు తప్పుతుంది.

5. ఫైలును తెరవకండి, లోపలికి తీసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క అంచెనే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఎక్సెల్ రూపం దొరక్క సీఎస్‌వీగా తీసిన ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే ఎక్సెల్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఊహించేస్తుంది. అప్పుడు జరిగే నష్టాలివి.

ముందున్న సున్నాలు పోతాయి. కర్నూలు ఉల్లి 0703 కాస్తా 703 అవుతుంది. కందులు, శనగల 0713 కాస్తా 713, కడప పసుపు 0910 కాస్తా 910. అనంతపురం వేరుశనగ 1202, ఆదోని పత్తి 5201 మాత్రం సున్నాతో మొదలుకావు కాబట్టి బతికిపోతాయి. అందుకే పత్తి వ్యాపారికి రాని సమస్య పక్కనే ఉన్న ఉల్లి మండీకి వస్తుంది.

పెద్ద సంఖ్యలు కురచబడతాయి. సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు సంఖ్యకు 12 అంకెలు. 11 అంకెలు దాటిన దగ్గర్నుంచి ఎక్సెల్ మామూలు గడిలో 1.23 పక్కన ఘాతం గుర్తుతో చూపిస్తుంది. ఇది చూపులో తేడా మాత్రమే, గడి రూపం మారిస్తే అసలు సంఖ్య కనిపిస్తుంది. కానీ బ్యాంకు ఖాతా సంఖ్యకు 16 అంకెలుంటే కథ వేరు. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలబెట్టుకుంటుంది, 16వ అంకె సున్నా అయిపోతుంది. దాచిన తర్వాత దాన్ని తిరిగి రాబట్టే దారి లేదు. ఆ పట్టికతో చెల్లింపులు పంపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

బిల్లు సంఖ్యలు తేదీలవుతాయి. 12/25 అనే బిల్లు డిసెంబరు తేదీగా మారి కూర్చుంటుంది.

సరైన పద్ధతి ఇది:
1) కొత్త ఖాళీ ఎక్సెల్ ఫైలు తెరవండి.
2) డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నొక్కి ముడి ఫైలును చూపండి.
3) ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001, యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.
4) లోడ్ నొక్కకుండా ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కండి. పవర్ క్వెరీ తెరుచుకుంటుంది.
5) కుడివైపు అంచెల జాబితాలో ఛేంజ్డ్ టైప్ అనే అంచె దానంతట అదే చేరి ఉంటుంది. దాన్ని తీసేయండి. సున్నాలు తినేసేది అదే.
6) హెచ్‌ఎస్‌ఎన్, జీఎస్‌టీఐఎన్ (పార్టీ జీఎస్‌టీ నమోదు సంఖ్య), బిల్లు సంఖ్య, ఈ-వే బిల్లు, బ్యాంకు ఖాతా, ఫోను సంఖ్యల నిలువు వరుసలకు టెక్స్ట్ రకం ఇవ్వండి.
7) తేదీకి యూజింగ్ లొకేల్ ద్వారా డేట్, ఇంగ్లీష్ ఇండియా ఇవ్వండి.
8) మొత్తాలకు డెసిమల్ నంబర్ ఇచ్చి, అప్పుడు క్లోజ్ అండ్ లోడ్ నొక్కండి.

దేనికి ఏ రకం అని సందేహం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని ఎప్పుడైనా కూడతామా? కూడనిదంతా టెక్స్ట్.

మూడో మెట్టు తెలుగు పేర్ల కోసం. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకున్నవారికి అది లేకపోతే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. 65001 ఇచ్చినా గుర్తులే వస్తుంటే ఆ పేర్లను యూనికోడ్‌లో కాక పాత అను ఫాంట్లలో టైపు చేసి ఉండవచ్చు. అప్పుడు ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ప్రతి పేరూ చదివి చూసుకోవాలి, ముఖ్యంగా వత్తులు. ఆ తర్వాత గౌతమి, నిర్మల వంటి విండోస్ ఫాంట్లలో సరిగ్గా కనిపిస్తాయి.

6. ఎక్సెల్‌లో పడ్డాక తేదీలు, అంకెలు పరీక్షించండి

తేదీల నిలువు వరుసను కాస్త వెడల్పు చేయండి. అలైన్‌మెంట్ ఏమీ పెట్టకపోతే నిజమైన తేదీలు కుడి అంచుకు, అక్షరాలుగా మిగిలినవి ఎడమ అంచుకు చేరతాయి. కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉంటే జాగ్రత్త పడాలి. నెలలో 1 నుంచి 12 వరకు ఉన్న తేదీలు తిరగబడి కుడికి, 13 నుంచి 31 వరకు ఉన్నవి అక్షరాలుగా ఎడమకు చేరాయంటే అది అమెరికా సెట్టింగు చేసిన పని.

ఇక్కడ చాలామంది ఎడమవైపున్న వాటిని మాత్రమే సరిచేసి పని అయిపోయిందనుకుంటారు. కుడివైపున్నవే అసలు ప్రమాదం. చూడటానికి సరైన తేదీల్లాగే ఉంటూ వేరే నెలలో పడిపోతాయి. సగం సగం సరిచేయకండి. రెండో అంచెకు వెళ్లి, రీజియన్ మార్చి, మళ్లీ లోపలికి తీసుకోండి.

అన్నీ ఎడమకే ఉంటే పని తేలిక. 1.4.2025 అని చుక్కలతో రాసినవి ఇలాగే వస్తాయి. ఆ నిలువు వరుస ఎంచుకుని డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్‌కు వెళ్లి, మూడో తెరలో డేట్ అని పెట్టి రోజు, నెల, సంవత్సరం వరుస ఎంచుకోండి.

మొత్తాల నిలువు వరుసను కూడితే సున్నా వస్తోందంటే అవి అక్షరాలుగా ఉన్నాయి. గడి మూలలో ఆకుపచ్చ త్రికోణం ఉంటే దానిమీద నొక్కి కన్వర్ట్ టు నంబర్ ఎంచుకోండి. అప్పటికీ మారకపోతే అంకె చివర కంటికి కనిపించని ప్రత్యేక ఖాళీ ఉండవచ్చు. ఒక గడిలోకి వెళ్లి ఆ ఖాళీని మాత్రమే కాపీ చేసి, రీప్లేస్‌లో అతికించి, రెండో పెట్టె ఖాళీగా వదిలి అన్నిటినీ మార్చండి.

7. మొత్తాలు సరిపోయాయా?

మూడో అంచెలో రాసుకున్న మూడు సంఖ్యలు ఇప్పుడు తీయండి. ఎక్సెల్‌లో బిల్లుల సంఖ్య, పన్నుకు ముందు విలువ, మొత్తం విలువ కూడి పక్కపక్కన పెట్టండి. పైసాతో సహా కలవాలి. "అయిదు రూపాయలే కదా" అని వదిలేయకండి. పది వేలు ఎక్కువ, పది వేల అయిదు తక్కువ అయినా తేడా అయిదే కనిపిస్తుంది.

కలవకపోతే ఈ వరుసలో వెతకండి:
- సంఖ్య కలవలేదు, మొత్తం కలిసింది: రద్దు చేసిన వోచర్లు చూడండి. వాటికి సంఖ్య ఉంటుంది, మొత్తం ఉండదు.
- మొత్తం సరిగ్గా రెట్టింపు వచ్చింది: రిపోర్టు అడుగున ఉన్న గ్రాండ్ టోటల్ వరుస కూడా కూడికలో కలిసింది.
- తేడాను రెండుతో భాగిస్తే ఒక బిల్లు విలువ వస్తోంది: వాపసు బిల్లు మైనస్ గుర్తు కోల్పోయింది.
- రెండూ కలవలేదు: కాలవ్యవధి తేడా, లేదా వరుసలు తెగిపోయాయి.

ఖాతాల నిల్వల రిపోర్టులో ఇంకో చిక్కు ఉంటుంది. గడిలో డెబిట్, క్రెడిట్ గుర్తు కనిపిస్తుంది కానీ ఫార్ములాకు అది అందదు. కారణం, ఆ గుర్తు గడి విలువలో కాక గడి రూపంలో ఉంటుంది. అలాంటి నిలువు వరుసను నేరుగా కూడితే మనకు రావలసినవీ మనం ఇవ్వవలసినవీ కలిసిపోతాయి. డెబిట్, క్రెడిట్ వేర్వేరు నిలువు వరుసలుగా ఇచ్చే ట్రయల్ బ్యాలెన్స్ వంటి రిపోర్టును ఎగుమతి చేయడం మంచి పరిష్కారం. అది కుదరకపోతే కంట్రోల్, ఎఫ్ నొక్కి, ఆప్షన్స్‌లో ఫార్మాట్ దగ్గర ఒక క్రెడిట్ గడిని నమూనాగా చూపి, ఫైండ్ ఆల్ ఇచ్చి, కంట్రోల్, ఏతో అన్నిటినీ ఎంచుకుని రంగు వేయండి. తర్వాత రంగును బట్టి ఫిల్టర్ చేసుకోవచ్చు.

ఆదోని పత్తి వ్యాపారులకు ఇంకో చిన్న పరీక్ష. జీఎస్‌టీఐఎన్ మొదటి రెండు అంకెలను లెఫ్ట్ ఫార్ములాతో విడిగా తీయండి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. సరుకు బళ్లారికో రాయచూరుకో వెళ్లి, 29 ఉన్న వరుసలో రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే ఐజీఎస్‌టీ బదులు రాష్ట్రం లోపలి అమ్మకాలకు పడే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ కనిపిస్తే ఆ బిల్లును తీసి చూడండి. ప్రతిదీ తప్పే కానక్కరలేదు, సరఫరా స్థలాన్ని బట్టి ఉంటుంది. కానీ నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 గడువైన 11వ తేదీకి ముందే చూసుకోవలసిన వరుసలు ఇవే.

8. ప్రతి నెలా మళ్లీ చేయకుండా

అయిదో అంచెలో పడిన శ్రమ ఒక్కసారికే. పవర్ క్వెరీ ఆ మెట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఈసారి ఒక్క ఫైలు బదులు ఫ్రమ్ ఫోల్డర్ ఎంచుకుని "ముడి"లోని అమ్మకాల ఫోల్డరును చూపి, కంబైన్ అండ్ ట్రాన్స్‌ఫార్మ్ నొక్కండి. వచ్చే నెల కొత్త ఫైలు అందులో వేసి రిఫ్రెష్ ఆల్ నొక్కితే చాలు.

దీనికి రెండు షరతులు. అన్ని నెలల ఫైళ్లలో శీర్షికల పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి, ఎక్సెల్ ఫైళ్లయితే షీటు పేరు కూడా. రిపోర్టు పైన వచ్చే సంస్థ పేరు, చిరునామా వరుసలను రిమూవ్ టాప్ రోస్‌తో తీసేసి, యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్ ఇవ్వాలి. మధ్యలో ట్యాలీలో కొత్త పన్ను ఖాతా తెరిస్తే కాలమ్నర్ రిపోర్టులో కొత్త నిలువు వరుస చేరుతుంది, మొత్తం కలవదు. అందుకే ఏడో అంచె ప్రతి నెలా చేయవలసిందే.

9. ట్యాలీని నేరుగా కలపాలంటే

ఖాతాల జాబితా, ముగింపు నిల్వలు తరచూ కావలసినవారు ఓడీబీసీ (ఒక ప్రోగ్రాం డేటాను ఇంకో ప్రోగ్రాం నేరుగా చదివే దారి) ద్వారా కలుపుకోవచ్చు. ట్యాలీ సెట్టింగ్స్‌లో కనెక్టివిటీ దగ్గర ఓడీబీసీ ఎనేబుల్ చేయండి, పోర్టు మామూలుగా 9000 ఉంటుంది. ఎక్సెల్‌లో గెట్ డేటా, అదర్ సోర్సెస్, ఫ్రమ్ ఓడీబీసీ.

జాబితాలో ట్యాలీ పేరే కనిపించకపోతే మొదట రాసుకున్న బిట్ వివరం చూడండి. 64 బిట్ ఎక్సెల్‌కు 64 బిట్ డ్రైవరే కావాలి, 32కు 32. పేరు కనిపించి కూడా కలవకపోతే ట్యాలీ తెరిచి, సంస్థను లోడ్ చేసి ఉంచారో లేదో చూడండి. బిల్లుల వివరాలకు మాత్రం ఈ దారి అంత సులువు కాదు, ఎగుమతే మేలు.

10. వర్డ్‌లో బాకీ ఉత్తరాలు

మార్చి 31 నిల్వలను ఖాయం చేయమని బాకీదారులకు ఉత్తరాలు పంపేటప్పుడు, పట్టికలోని వివరాలను ఒక్కో ఉత్తరంలో నింపే మెయిల్ మెర్జ్ వాడతారు. ఎక్సెల్‌లో 1,25,000.50 అని ముచ్చటగా ఉన్నది వర్డ్‌లో 125000.5 అవుతుంది, తేదీ అమెరికా వరుసలోకి వెళ్తుంది. వర్డ్ గడి విలువను తీసుకుంటుంది తప్ప దాని రూపాన్ని తీసుకోదు.

ఎక్సెల్‌లోనే పక్కన రెండు కొత్త నిలువు వరుసలు పెట్టి, టెక్స్ట్ ఫార్ములాతో మొత్తాన్ని, తేదీని కావలసిన రూపంలో అక్షరాలుగా మార్చుకోండి. మెర్జ్‌లో వాటినే ఎంచుకోండి. అన్నీ ముద్రించే ముందు, అతి పెద్ద బాకీ ఉన్న ఉత్తరం, అతి చిన్న బాకీ ఉన్నది, తెలుగు పేరున్నది, ఈ మూడూ చూసుకోండి.

11. పంపేటప్పుడు

ఆడిటరు ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఆఫీసు బదులు ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ ఉంటే మామూలు షీట్లు, ఫార్ములాలు ఇబ్బంది లేకుండా తెరుచుకుంటాయి. పవర్ క్వెరీ రిఫ్రెష్ అక్కడ పనిచేయదు, మ్యాక్రోలు (ఫైలులో దాచిన చిన్న ప్రోగ్రాంలు) పూర్తిగా పనిచేస్తాయన్న భరోసా లేదు. కాబట్టి పంపే ప్రతిలో పేస్ట్ వాల్యూస్‌తో విలువలు మాత్రమే ఉంచండి. మెయిల్‌లో వచ్చిన ఫైళ్లలోని మ్యాక్రోలను 2022 నుంచి ఆఫీసు మామూలుగానే అడ్డుకుంటోంది, వాటి మీద ఆధారపడే రిపోర్టు పంపకపోవడమే మంచిది.

పంపే ముందు:
- ఫైలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో ఉందా
- దాచి ఉంచిన షీట్లలో ఇతర పార్టీల ధరలు, బ్యాంకు వివరాలు మిగిలిపోలేదు కదా
- మూడు మొత్తాలు మొదటి షీటు పైన రాశారా
- పీడీఎఫ్ ప్రతి ఒకటి జత చేశారా
- ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో కాకుండా ఫోనులో చెప్పారా

పంపిన ఫైలు నకలును తేదీతో సహా "పంపినవి" ఫోల్డరులో వేయండి. ఆడిటరు ఏదైనా అంకె గురించి అడిగితే ముందు ఆ నకలు తెరవండి, తర్వాత ట్యాలీ.